రోజుకు 2 రూపాయల 74 పైసలు: ఒక డిజిటల్ పత్రికకు ఏడాది చందా కట్టి చూశాను

ముందే చెప్పేస్తాను, నేను ఇరవై నాలుగేళ్లు ఒక దినపత్రిక క్లాసిఫైడ్స్ కౌంటర్‌లో కూర్చున్న మనిషిని. వధువు కావలెను, ఇల్లు అద్దెకు ఇవ్వబడును, పేరు మార్పు, శ్రద్ధాంజలి, అన్నీ నా చేతి మీదుగా వెళ్లినవే. కాబట్టి వార్తలు చదవడానికి డబ్బు కట్టమని ఎవరైనా అడిగితే నాకు రెండు అనుమానాలు వస్తాయి. ఒకటి చదివే మనిషిగా, ఇంకొకటి ఆ వార్తల పక్కన చోటు అమ్ముకుని బతికిన మనిషిగా.

పోయిన దసరాకు హైదరాబాద్ నుంచి నడిచే ఒక తెలుగు డిజిటల్ పత్రికకు ఏడాది చందా కట్టాను. పండగ ఆఫర్‌లో 999 రూపాయలు. పత్రిక పేరు రాయను. చిన్న సంస్థ, నేను చెప్పబోయే లోపాలేమో చిన్నవి కావు. నేను పనిచేసిన పత్రిక పేరు కూడా రాయను, అక్కడా చెప్పాల్సినవి ఉన్నాయి.

కట్టిన రోజే ఇంట్లో గొడవ. మా అబ్బాయి కొండాపూర్‌లో ఉంటాడు, శనివారం వస్తాడు. ఫోన్‌లో రసీదు చూసి, "అమ్మా, టెలిగ్రామ్‌లో అన్ని పేపర్ల పీడీఎఫ్‌లూ పొద్దున్న ఆరింటికల్లా ఫ్రీగా వచ్చేస్తాయి కదా, నీకెందుకు ఈ ఖర్చు?" అన్నాడు. వస్తాయి, నాకూ తెలుసు. మా అపార్ట్‌మెంట్ గ్రూపులో వాచ్‌మన్ దగ్గర్నుంచి ప్రెసిడెంట్ గారి దాకా అందరూ అవే చదువుతారు. 2020లో ఒక హిందీ పత్రిక యాజమాన్యం ఇలాంటి చానళ్ల మీద ఢిల్లీ హైకోర్టుకు వెళ్లి, వాటిని తీసేయమని ఉత్తర్వు కూడా తెచ్చుకుంది. అయినా పీడీఎఫ్‌లు ఆగలేదు. "ఒరేయ్, మీ అమ్మ జీతం కూడా ఎవరో ఒకరు డబ్బు కడితేనే వచ్చింది. నీ ఇంజినీరింగ్ ఫీజు దాంట్లోదే" అన్నాను. కాసేపు ఊరుకుని, యాప్‌లో లాగిన్ అవడానికి ఓటీపీ కొట్టడంలో సాయం చేశాడు.

999ని 365తో భాగిస్తే రోజుకు 2 రూపాయల 74 పైసలు. మా నల్లకుంట చౌరస్తా దగ్గర ఇరానీ చాయ్‌లో ఎనిమిదో వంతు. దానికి ఏం వచ్చిందంటే, రోజుకు నాలుగైదు కథనాలు, ఆదివారం ఒక పొడుగాటిది, పొద్దున్నే ఏడు నిమిషాల ఆడియో. బ్రేకింగ్ న్యూస్ లేదు. ఎవరో ఎవరినో తిట్టారన్న వార్తలు దాదాపు లేవు. మొదటి నెల నాకు వెలితిగానే ఉండింది, ఉప్పు తగ్గించిన కూర తిన్నట్టు. తర్వాత అలవాటైంది.

చందా కట్టినందుకు పశ్చాత్తాపపడకుండా చేసినది నాలా కథనం. హుస్సేన్‌సాగర్ నుంచి మిగులు నీళ్లు తీసుకుని మూసీకి పోయే నాలా మా పక్కనుంచే వెళ్తుంది. వాన గట్టిగా కొడితే కింది వీధుల్లో మోకాళ్ల లోతు నీళ్లు. ఏటా చూస్తున్నదే, ఏటా పేపర్లో ఒక ఫొటో, కింద రెండు లైన్లు. వీళ్ల రిపోర్టర్ అమ్మాయి ఎండాకాలంలోనే వచ్చింది. నాలాకు గోడ ఎక్కడ కట్టారు, ఎక్కడ ఆపేశారు, టెండర్ ఎన్నిసార్లు పిలిచారు అన్నది సమాచార హక్కు కింద కాగితాలు తెప్పించుకుని రాసింది. ఆ చట్టం కింద జవాబు ఇవ్వడానికి అధికారులకు 30 రోజుల గడువు. అంటే అడిగి, ఎదురుచూసి, వచ్చినది సరిపోక మళ్లీ అడిగి, ఒక్క కథనానికి రెండున్నర నెలలు. అంత ఓపిక పట్టింది కాబట్టే గోడ ఆగిపోయిన చోటుకీ, మా వీధిలోకి నీళ్లు తిరిగే చోటుకీ మధ్య దూరం ఎంతో అడుగుల్లో తెలిసింది. అయిదేళ్లుగా మేం ఆకాశాన్ని తిడుతున్నాం.

చదువుతుంటే నా పాత బుద్ధి ఊరుకోలేదు. ఈ పేజీలో ప్రకటన ఎవరిది వేయొచ్చు? పట్టుచీరల కొట్టువాళ్లు మురికి నాలా పక్కన బొమ్మ వేయమంటారా? బిల్డర్ ఇస్తాడా? ఆసుపత్రి ఇవ్వొచ్చు, డెంగీ రోజుల్లో అయితే. నేనే కౌంటర్‌లో ఉంటే ఈ పేజీ అమ్మలేకపోయేదాన్ని. మరి ఆ అమ్మాయి రెండున్నర నెలల జీతం ఎక్కడినుంచి రావాలి?

జీతాలు ఎక్కడినుంచి వచ్చేవో నేను చూశాను కనుక చెప్తాను. మా దగ్గర సాయంత్రం అయ్యేసరికి ప్రకటనల విభాగం నుంచి డమ్మీ వెళ్లేది. రేపటి పేజీల గళ్ల కాగితం అది. దాని మీద ముందు మా ప్రకటనల పెట్టెలు గీసేవాళ్లం, మిగిలిన ఖాళీ ఎడిటోరియల్‌కు. అంటే రేపు ఎంత వార్త పట్టాలో ముందు రోజే మా మేడ మీద తేలిపోయేది. పేపర్ ధరలో ఏజెంటు కమీషన్, తెల్లవారుజామున సైకిల్ తొక్కే కుర్రాడి వాటా పోను ఆఫీసుకు చేరేది కాగితం ఖర్చుకే చాలేది కాదు. కొనే పాఠకుడు తనే పేపర్‌ని పోషిస్తున్నానని అనుకుంటాడు గానీ, పోషించేది మొదటి పేజీ నిండా కనిపించే అపార్ట్‌మెంట్ బొమ్మ.

ఆ డబ్బు మంచిదే. దాంతోనే పేపర్ చవగ్గా వచ్చింది, మాకు జీతాలొచ్చాయి. కాకపోతే దానికి సీజన్లు ఎక్కువ. మూఢం వస్తే పెళ్లి ప్రకటనలు పడిపోయేవి. సంక్రాంతికి, దసరాకు చోటు దొరికేది కాదు, దీపావళి దాటగానే మా మేనేజర్ ముఖం చూడలేకపోయేవాళ్లం. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ లెక్కల్లో మోసం ఒప్పుకుంటూ రామలింగరాజు రాసిన లేఖ బయటికొచ్చాక ఉద్యోగ ప్రకటనల పేజీ మా కళ్ల ముందే చిక్కిపోయింది. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టాక అయితే సంగతే వేరు. బట్టల కొట్లు మూత, సినిమా హాళ్లు మూత, పెళ్లిళ్లు వాయిదా. వార్త మాత్రం అంతకుముందు ఎప్పుడూ లేనంత ఉంది. జనానికి వార్త ఎక్కువ కావాల్సిన నెలలోనే పేజీలు తగ్గించాల్సి వచ్చింది. నేను అప్పటికి రిటైర్ అయి ఏడాది. పాత స్నేహితులు ఫోన్ చేసి జీతాల కోత సంగతి చెప్పేవాళ్లు.

చందాకు మూఢం లేదు. ఒక మనిషి ఏడాదికి కడితే ఆషాఢంలోనూ ఆ డబ్బు అక్కడే ఉంటుంది. 999 రూపాయలు పెద్ద మొత్తం కాదు, కానీ ఎప్పుడొస్తుందో ముందే తెలిసిన డబ్బు. ఆ ధైర్యం మీదే ఒక రిపోర్టర్‌ను రెండున్నర నెలలు నాలా పక్కన నిలబెట్టగలరు.

క్లాసిఫైడ్స్ సంగతి ఇంకో కథ. అవి కరువులో తగ్గినట్టు తగ్గలేదు, ఊరు వదిలి వెళ్లిపోయినట్టు వెళ్లిపోయాయి. 1997లో నౌకరీ డాట్‌కామ్ మొదలైనప్పుడు మా ఆఫీసులో నవ్వుకున్నారు. తర్వాత పెళ్లి సంబంధాల వెబ్‌సైట్లు, 2005లో ఇళ్లకూ స్థలాలకూ 99ఏకర్స్, ఆ వెనకే పాత సామాన్లకు ఓఎల్ఎక్స్. మాట లెక్కన డబ్బు తీసుకునేవాళ్లం మేము, మాటకు ఖర్చుందని జనం "మధ్యవర్తులు వలదు" కొట్టేసి, ఆ డబ్బుతో "స్వగృహం" చేర్పించేవాళ్లు. వెబ్‌సైట్‌లో ఎంత రాసినా డబ్బు లేదు, పైగా ఫొటో. ఎవరుంటారు? చివరిదాకా మిగిలింది శ్రద్ధాంజలి. ఒకాయన, డెబ్బై దాటి ఉంటాయి, భార్య సంవత్సరీకానికి ప్రకటన రాసి తెచ్చి కౌంటర్ దగ్గర నిలబడి, "'అశ్రునయనాలతో' అన్నది ఒక మాట కింద వస్తుందా, రెండా తల్లీ?" అని అడిగారు. ఒకటేనండీ అన్నాను. ఏటా వచ్చేవారు. ఒక ఏడాది ఆయన కొడుకు వచ్చాడు, ఇద్దరి ఫొటోలతో.

మన తెలుగు పత్రికలకు ఈ డబ్బు గొడవ కొత్తేమీ కాదు. కాశీనాథుని నాగేశ్వరరావు గారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టి, 1908లో అక్కడే ఆంధ్రపత్రికను వారపత్రికగా తెచ్చారు. 1914లో మద్రాసులో అది దినపత్రిక అయింది. తలనొప్పి మందు అమ్మిన డబ్బు ఒక పత్రికకు అండగా నిలిచింది. ఇప్పుడు అందరి దగ్గరా అమృతాంజనం ఉండదు కదా. ఉన్నవాళ్ల దగ్గర ఉన్నది వేరే వ్యాపారం, వేరే తలనొప్పి.

నాకు బాగా గుర్తున్న ఒక తలనొప్పి చెప్తాను. ఊరి శివార్లో ఒక చెరువు పక్కన వెంచర్. ఆ కంపెనీ నెలకు నాలుగు ఫుల్ పేజీలు ఇచ్చేది. మా జిల్లా పేజీలో, అదీ లోపలి పేజీలో, చెరువు హద్దు రాళ్లు జరిగాయని ఒక చిన్న వార్త వచ్చింది. రాసినవాడికి పేరు కూడా వేయలేదు. పదకొండు గంటలకు ఫోన్, మధ్యాహ్నానికి ఆ ప్రకటనలు వేయమని ఇచ్చిన నాలుగు రిలీజ్ ఆర్డర్లూ రద్దు. ఎవరూ ఎవరినీ తిట్టలేదు, ఎడిటర్ గారికి ఎవరూ ఏమీ చెప్పలేదు. మూడు నెలల తర్వాత ఆ పేజీలు తిరిగొచ్చాయి. ఆ చెరువు మాత్రం మళ్లీ పేపర్లో కనబడలేదు. అంతే, అది అలాగే జరుగుతుంది, చప్పుడు లేకుండా. ఆ నాలుగు పేజీల లోటును తట్టుకునే ఇంకో డబ్బు మా దగ్గర ఉంటే చెరువు కథ ఇంకెన్నాళ్లు నడిచేదో!

ఇదంతా విని చందాయే మందు అనుకోకండి. ఈ ఏడాదిలో నేను గమనించిన పెద్ద లోపం అక్కడే ఉంది. మొదటి మూడు నెలలూ నాలాలు, పింఛన్లు, గాంధీ ఆసుపత్రి ఓపీ క్యూలు వచ్చేవి. సంక్రాంతి తర్వాత మెల్లగా వీసాలు ఎక్కువయ్యాయి. హెచ్1బీ, అమెరికాలో పిల్లల కాలేజీలు, కోకాపేటలో చదరపు అడుగు ఎంత, ఐటీ వాళ్ల లేఆఫ్‌లు. వారానికి రెండు వీసా కథనాలు! ఎందుకో ఊహించడానికి నాకు సర్వే అక్కర్లేదు. డబ్బు కట్టేవాళ్లలో ఎక్కువమంది ఎక్కడ ఉంటారో, కథలు అటు వాలతాయి. మా కాలంలో బిల్డర్ వైపు వాలినట్టే. ప్రకటన ఇచ్చేవాడు తనకు నచ్చనిది రాయకూడదంటాడు, చందాదారుడు తనకు పనికొచ్చేదే రాయమంటాడు. రెండో వాడు కొంచెం నయం, అంతే.

పైగా తాళం వేసిన వార్త మా వాచ్‌మన్‌కు అందదు. నాలా నీళ్లు ముందు వచ్చేది అతని గదిలోకి. ఆ కథనం అతనికి చూపిద్దామని లింక్ పంపితే "చందా కట్టి చదవండి" అని వచ్చింది. చివరికి నా ఫోన్ ఇచ్చి కూర్చోబెట్టాను. ఇక్కడే నాకు ప్రకటనల మీద మళ్లీ గౌరవం కలుగుతుంది. చీరల కొట్టు డబ్బుతో నాలుగు కథలు అందరికీ తెరిచిపెట్టొచ్చు, చందా డబ్బుతో చీరల కొట్టుకు గానీ, మరొకరికి గానీ నచ్చని కథ రాయొచ్చు. రెండు కాళ్లుంటే ఒకటి బెణికినా కుంటుకుంటూ అయినా నడుస్తారు. న్యూయార్క్ టైమ్స్ 2011 మార్చిలో వెబ్‌సైట్‌కు తాళం వేసినప్పుడు కూడా నెలకు 20 కథనాలు ఉచితంగా వదిలింది. మరుసటి ఏడాదికే ప్రతులు, చందాల ఆదాయం ప్రకటనల ఆదాయాన్ని దాటింది. అయినా ప్రకటనలు మానేశారా, లేదు. మన దేశంలో న్యూస్‌లాండ్రీ లాంటివాళ్లు ప్రకటనలే వద్దని పాఠకుల డబ్బు మీదే నడుస్తున్నారు. అది వాళ్ల పద్ధతి. తెలుగులో అంతమంది కట్టే పాఠకులు దొరుకుతారా అంటే, నేను కౌంటర్‌లో చూసిన జనాన్ని బట్టి నాకు నమ్మకం లేదు. మాట మాటకూ బేరమాడేవాళ్లం మనం.

నేను చందా కట్టిన పత్రిక కూడా ప్రకటనలు వేస్తుంది, చందాదారులకు కూడా. దాని మీద చాలామందికి కోపం. నాకు ప్రకటన మీద కోపం లేదు, వేసిన తీరు మీద ఉంది. ఒక వాక్యం మధ్యలో ఉండగా మోకాళ్ల నొప్పుల డబ్బా కింది నుంచి లేచి సగం తెర కప్పేస్తుంది. దాన్ని మూసే ఇంటూ గుర్తు ఆవగింజంత. నా కళ్లజోడుకు అందదు, వేలుకు అసలు అందదు, నొక్కితే ఆ డబ్బా వాళ్ల సైట్ తెరుచుకుంటుంది. ఇంకా ఘోరం, ఫిబ్రవరిలో ఒక విల్లా ప్రాజెక్టు మీద వచ్చిన "కథనం". అదే అక్షరం, అదే రంగు, రిపోర్టర్ పేరు ఉండాల్సిన చోట మాత్రం ఖాళీ. కిందికి వెళ్లి వెళ్లి, చివర బూడిద రంగులో "ప్రమోషనల్ ఫీచర్" అని ఉంది. మా రోజుల్లో దానికి చుట్టూ గీత కొట్టి, పైన 'ప్రకటన' అని తెలుగులో వేసేవాళ్లం. ఆ గీత కోసం ఏజెన్సీలతో దెబ్బలాడాను కూడా. డబ్బు తీసుకోండమ్మా, కానీ గీత కొట్టండి.

యాప్ గురించి రెండు మాటలు. అక్షరం పెద్దది చేసుకోవచ్చు, ఒత్తులు విరగవు, అది మెచ్చుకోవాలి. సెర్చ్ దండగ. "నాలా" అని కొడితే ఒకటి వచ్చింది, "నాళా" అని కొడితే వేరేది వచ్చింది. ఆడియోలో మనిషి గొంతు ఉన్న రోజులు బాగుంటాయి. మెషిన్ గొంతు పెట్టిన రోజు అది "రూ. 1,250"ని "రూ చుక్క ఒకటి, రెండు వందల యాభై" అని చదువుతుంది. రెండు ఫోన్లలో వాడుకోవచ్చు. మా వారు లాగిన్ అయిన ప్రతిసారీ నేను బయటికి వచ్చేస్తున్నాను అన్నది వేరే విషయం, ఫోన్ చేసి అడిగితే రెండు రోజుల్లో సరిచేశారు. ఫోన్ ఎత్తింది మనిషే, తెలుగులోనే మాట్లాడింది. ఈ రోజుల్లో దీనికి అర స్టార్ ఎక్కువ వేయొచ్చు.

కట్టాలనుకుంటే వెబ్‌సైట్‌లో కట్టండి, యాప్‌లో కాదు. యాప్ ద్వారా కడితే గూగుల్ ప్లే చందాల మీద మామూలుగా 15 శాతం తీసుకుంటుంది. మా కాలంలో ప్రకటనల ఏజెన్సీల కమీషన్ కూడా సరిగ్గా 15 శాతమే. మధ్యవర్తులు వలదు అని రాయించుకునేవాళ్లను చూసి నవ్వేదాన్ని, ఇప్పుడు నేనూ అదే అంటున్నాను.

ఇక పోయిన వారం జరిగినది. బ్యాంక్ నుంచి మెసేజ్, రేపు మీ ఖాతా నుంచి 1,499 రూపాయలు వెళ్తాయి అని. 999 కాదు, 1,499. నేను మొదట ఆఫర్‌లో కట్టాను కదా, రెండో ఏడాది పూర్తి ధర అట. ఆ మాట కట్టేటప్పుడు ఎక్కడో కింద ఉందట, నేను చదవలేదు, తప్పు నాదే అనుకుందాం. ఆటో పేమెంట్‌కు ఒక రోజు ముందు చెప్పి తీరాలని రిజర్వ్ బ్యాంక్ 2021 అక్టోబర్ నుంచి నియమం పెట్టబట్టి సరిపోయింది, లేకపోతే డబ్బు పోయాకే తెలిసేది. 15,000 లోపు అయితే ఓటీపీ కూడా అడగరు. సరే రద్దు చేద్దామని యాప్‌లో వెతికాను. ప్రొఫైల్, సెట్టింగ్స్, నా ప్లాన్, సహాయం, మళ్లీ సెట్టింగ్స్. రద్దు చేసే బటన్ లేదు. "మాకు ఈమెయిల్ రాయండి" అని ఉంది. చేరడానికి రెండు నొక్కులు, బయటపడటానికి ఉత్తరం! 2023 నవంబర్‌లో వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల్లో ఇలాంటి దాన్ని పేరు పెట్టి చందా ఉచ్చు అన్నారు. నాలా మీద సమాచార హక్కు దరఖాస్తు పెట్టే పత్రికకు ఇది తెలియదా? కొత్తవాడికి తక్కువ ధర, ఏడాది అంటిపెట్టుకున్నవాడికి ఎక్కువ ధర అన్నది కూడా నాకు మింగుడు పడలేదు. మా కౌంటర్‌లో పాత పార్టీకే తగ్గించేవాళ్లం.

అయిదుకు మూడున్నర. ఆ చందా ఉచ్చు తీసేస్తే నాలుగు, విల్లా కథనం చుట్టూ గీత కొడితే నాలుగున్నర.

బ్యాంక్ యాప్‌లోకి వెళ్లి ఆటో పేమెంట్ నేనే ఆపేశాను. మర్నాడు డబ్బు వెళ్లలేదు. సాయంత్రం వాళ్ల వెబ్‌సైట్ తెరిచి 1,499 కొట్టి, ఆటో రెన్యువల్ పక్కన టిక్ తీసేసి, నా చేత్తో కట్టాను. మా వారు పేపర్ పక్కన పెట్టి, "రద్దు చేసి మళ్లీ కట్టడమేమిటి?" అన్నారు. ఆయనకు ఇంకా పేపర్ వస్తుంది, నెలాఖరున ఏజెంటు గేటు దగ్గరికి వచ్చి అడిగి తీసుకుంటాడు.